అప్పుపత్రమును, అమ్ముకొను స్వేచ్ఛయు

అర్థశాస్త్రమనిన పట్టణములందలి పండితులకును, బ్యాంకుల యధికారులకును సంబంధించిన విద్య యని మన కర్షకులలో పెక్కురు తలంతురు. కాని విత్తనములకై అప్పు చేసిన దినమున, కల్లములో ధాన్యము రాశిపోసిన దినమున, పిల్లవాని చదువునకు రుసుము కట్టిన దినమున రైతు చేయు నిర్ణయములన్నియు ఆ శాస్త్రములోనివే. అది మనకు సంబంధింపదని యనుకొనుటచేతనే మన యింటి లెక్కను ఇతరులు వ్రాయుచుండ మనము సంతకములు మాత్రము చేయుచున్నాము. కావున ఈ మాసమున మేము పాఠకుల యెదుట ఒక్క ప్రశ్న నుంచదలచితిమి: అప్పునకు నిజమైన వెల యెంత?

ఒక లెక్కను చూతము. రెండెకరములలో వరి పండించు రైతు నాట్లవేళ ఒక వ్యాపారియొద్ద 50,000 రూపాయలు తెచ్చుకొనె ననుకొందము. వడ్డీ నెలకు నూటికి 2 రూపాయలు. ఆరు మాసములకు 6,000 రూపాయలగును. ఇంతవరకు అందరును లెక్కింతురు. కాని పంటను తనకే అమ్మవలెనను మాటపై వ్యాపారి యప్పిచ్చెను. పండిన 45 క్వింటాళ్లకును బయటి ధరకన్న క్వింటాలుకు 100 రూపాయలు తక్కువ కట్టెను. అది 4,500 రూపాయలు. రెండును కలిసి 10,500 రూపాయలైనవి. నూటికి 2 రూపాయలని తలచిన వడ్డీ నిజమునకు 3 రూపాయల 50 పైసలు. కాటాలో పోయిన తరుగును మేమిందు చేర్చలేదు.

ఆ 4,500 రూపాయలు ఏ ప్రోనోటులోను కానరావు. అవి రైతు తన స్వేచ్ఛను విడిచినందువలన కలిగిన నష్టము. ఎవరికమ్మవలెను, ఎప్పుడమ్మవలెను, ఏ ధరకమ్మవలెను అను మూడు ప్రశ్నలకును జవాబు, విత్తనము మొలవకమునుపే పరుల చేతికి పోయినది.

వ్యాపారిని దూషించుట మా యుద్దేశము కాదు. అర్ధరాత్రివేళ ఆసుపత్రికి పోవలసివచ్చినపుడు కాగితములడుగక సొమ్మిచ్చువాడు పెక్కుచోట్ల అతడే. ఆ సౌకర్యమునకు వెల యుండుట సహజము. అయితే ఆ వెల తెలిసి చెల్లించుట వేరు, తెలియక చెల్లించుట వేరు.

ఒంటరిగానున్న పేదరైతునకు పరపతి లేకున్నను, పదిమంది యొకరికొకరు పూచీపడినచో పరపతి కలుగునని జర్మనీ దేశమున రైఫైజను అను నతడు గ్రహించి, 1864లో హెడ్డెస్‌డార్ఫు గ్రామమున పరపతి సంఘమును స్థాపించెను. మద్రాసు ప్రభుత్వము పంపగా ఫ్రెడరిక్ నికల్సన్ ఆ పద్ధతులను పరిశీలించి 1895, 1897 సంవత్సరములలో నివేదికలు సమర్పించెను. 1904లో సహకార పరపతి సంఘముల చట్టము వచ్చెను. అయినను 1951-52లో జరిగిన అఖిల భారత గ్రామీణ పరపతి పరిశీలనలో, రైతుల అప్పులలో సహకార సంఘముల పాలు నూటికి సుమారు 3 వంతులేయని తేలెను. చట్టమున్నంత మాత్రమున సంఘము బలపడదు.

1998లో కిసాన్ క్రెడిట్ కార్డు ఏర్పడెను. దానిపై స్వల్పకాలిక పంటఋణమును గడువులోపల తీర్చినవారికి వడ్డీ సాలుకు నూటికి 4 రూపాయలే పడును. పై 50,000 రూపాయలకు ఆరు మాసములకు 1,000 రూపాయలు. పదివేల యైదువందలెక్కడ, వేయి రూపాయలెక్కడ!

అయితే సంఘపు బాకీని గడువునకు తీర్చుటకై వారము దినములు వడ్డీవ్యాపారియొద్ద బదులు తెచ్చి, క్రొత్త ఋణము రాగానే అతనికి మరలించు నలవాటు పలుచోట్ల గలదు. పుస్తకములో బాకీ తీరినట్లుండును, ఇంటిలో తీరదు. మరియు భూమిపత్రములు లేని కౌలుదారు బ్యాంకుగడప దాటలేకున్నాడు. ఆంధ్రప్రదేశములో 2011లో కౌలుదారులకు ఋణార్హత పత్రములిచ్చు చట్టము వచ్చినను, పత్రమున్నవారందరికిని ఋణము లభింపలేదు. ఇట్టివారికి పూచీపడుటయే సంఘము పుట్టిన కారణమని సభ్యులు మరువరాదు.

అమ్ముకొను స్వేచ్ఛ యనగా పంటను తప్పక నిలువయుంచుట యని యర్థము కాదు. 2007 నాటి గిడ్డంగుల చట్టము క్రింద నమోదైన గిడ్డంగిలో సరకుంచి, రసీదుపై అప్పు పొందు వీలుగలదు. కాని గిడ్డంగి యద్దె, ఆరుదలవలని తరుగు, వడ్డీ, ఈ మూటిని మించి ధర పెరుగునని తోచిననే నిలుపవలెను. లేనిచో కల్లములోనే యమ్ముట మేలు. రెంటిలో దేనినైనను ఎంచుకొనగల స్థితియే స్వేచ్ఛ.

కావున సభ్యులకు మా మనవి యిది. అప్పు తెచ్చుటకు ముందు ఒక కాగితముపై వడ్డీని, అమ్మకపు షరతును, ధరలో తగ్గుదలను, తరుగును వేరువేరుగ వ్రాసి మొత్తము కట్టుడు. ఆ లెక్కను ఇంటి యిల్లాలి యెదుట వ్రాయుడు, తాకట్టుకు పోవు బంగారము సామాన్యముగ ఆమెదే. సంఘపు సర్వసభ్య సమావేశమునకు వచ్చి జమాఖర్చులను చదివించి వినుడు. తన లెక్కను తాను చూచుకొను రైతునకు సంఘపు లెక్కను అడుగుటకును ధైర్యము కలుగును.