సుల్తాను ఎవరి బిరుదు?

కిందటి వేసవి సెలవుల్లో మా తమ్ముడి కూతురు ఊరినుంచి బెంగుళూరు వచ్చింది. ఒక ఆదివారం పూట మార్కెట్ దగ్గరున్న టిప్పు వేసవి మహలుకు తీసుకెళ్లాను. హైదరలీ మొదలుపెట్టగా 1791లో టిప్పు పూర్తిచేసిన మేడ అది. ఆ టేకు స్తంభాల మధ్య నిలబడి, "పెదనాన్నా, సుల్తాను అంటే ఏమిటి?" అంది.

"ముస్లిం రాజు" అనేశాను.

"మరి హంపీ వెళ్లినప్పుడు కృష్ణదేవరాయలకీ ఆ బిరుదుందని మా టీచరు చెప్పారే!"

నేను బి.కాం. చదివినవాణ్ణి. చరిత్రను పదో తరగతిలోనే వదిలేశాను. చెరుకురసం ఇప్పించి మాట మార్చాను గానీ, పిల్లకు తప్పు చెప్పానేమోనన్న బెంగ వదల్లేదు. తర్వాత నాలుగు పుస్తకాలు తిరగేశాను.

సుల్తాన్ అరబ్బీ మాట. మొదట్లో అది మనిషిని చెప్పే మాటే కాదు. అధికారం, ప్రమాణం అని అర్థం. ఖురానులో ఉన్నది ఆ అర్థంలోనే. మన పెద్దవాళ్లు ఇంగ్లీషు ప్రభుత్వాన్ని "దొరతనంవారు" అనేవారు చూడండి, అలాగే అధికారం పేరు అధికారికి అంటుకుంది. 11వ శతాబ్దంలో సెల్జుక్ తురుష్కులు దాన్ని రాజబిరుదుగా స్థిరపరిచారు. పెద్దరికం బాగ్దాదులోని ఖలీఫాది, సైన్యం సుల్తానుది. ఢిల్లీ ఏలిన ఇల్‌టుట్‌మిష్‌కు 1229లో ఆ ఖలీఫానుంచి గుర్తింపు వచ్చింది. బ్యాంకువాళ్లకు ఇది చప్పున అర్థమవుతుంది. సంతకం చేసే అధికారం హెడ్డాఫీసు కాగితం మీద రావాలి. వచ్చాక మేనేజరు హెడ్డాఫీసు మాట ఎంత వింటాడన్నది వేరే సంగతి!

ఇక రాయల సంగతి. టీచరు చెప్పింది నిజమే. 14వ శతాబ్దం మధ్యనుంచే విజయనగర శాసనాల్లో "హిందూరాయ సురత్రాణ" అన్న బిరుదు కనిపిస్తుంది. హిందూ రాజుల్లో సుల్తాను అని దాని అర్థం. బుక్కరాయలకూ ఉంది, కృష్ణదేవరాయలకూ ఉంది. సుల్తాన్‌ను సురత్రాణ చేసిన పండితుడెవరో గాని గట్టివాడే. విడదీస్తే సురలను రక్షించేవాడని కూడా వస్తుంది! బహమనీ సుల్తానులతో కత్తులు దూస్తూనే వాళ్ల బిరుదును రాయలు తమ బిరుదుల వరసలో చేర్చుకున్నారు. ఆనాటి లోకంలో గొప్ప ప్రభువంటే అలా పిలిపించుకోవాలన్నమాట. తిరుమలలో దేవేరులిద్దరి మధ్య చేతులు జోడించి నిలబడ్డ రాయల విగ్రహం తలమీది పొడుగాటి టోపీ గుర్తుందా? ఆ కుళ్లాయి కూడా పారశీక "కులాహ్" నుంచి వచ్చిందే. ఎన్నిసార్లు దణ్ణం పెట్టి వచ్చానో, ఆ టోపీ ఎక్కడిదని ఒక్కసారీ అనుకోలేదు.

గోలకొండ ఇబ్రహీం కుతుబ్‌షాను మన కవులు "మల్కిభరాముడు" చేసేశారు. మలిక్ అంటే అరబ్బీలో రాజు. మలిక్ ఇబ్రహీం తెలుగు నోట్లో పడి అలా తేలాడు. అద్దంకి గంగాధరకవి తపతీ సంవరణోపాఖ్యానం అంకితమిచ్చింది ఆయనకే.

అన్నిటికన్నా నన్ను ఆశ్చర్యపరిచింది మన టిప్పు. 1750లో ఇక్కడికి దగ్గర్లోని దేవనహళ్లిలో పుట్టాడు. ఆర్కాటులోని టిప్పు మస్తాన్ ఔలియా అనే ఫకీరు పేరు పెట్టారు. సుల్తాన్ అన్నది ఆయన బిరుదు కాదు, పేరులో భాగమేనని చరిత్రకారులు చెబుతారు. తండ్రి హైదరు నవాబు. కొడుకు రాజ్యానికొచ్చాక పెట్టుకున్న బిరుదు పాదుషా.

ఊరికి ఫోను చేసి, ఆ రోజు నేను తప్పు చెప్పానమ్మా అని ఇదంతా వివరించాను. పిల్ల కాసేపు ఆలోచించింది.

"అయితే పెదనాన్నా, బిరుదున్న సుల్తాను రాయలా? టిప్పుకేమో అది ఉత్త పేరా?"

అవునన్నాను.

"నేను మా టీచరుకు చెబుతా" అని ఫోను పెట్టేసింది.