వచ్చిన భాష రానట్టు

కలువాయి నుంచి బెంగళూరు వెళ్లి ఉద్యోగం చేసుకుంటున్న కుర్రాడికి మధ్యాహ్నం అమ్మ ఫోన్ చేస్తుంది. సీట్లో ఉంటే "ఆఁ, బాగున్నానమ్మా, మళ్లీ చేస్తా" అని పొడిగా పెట్టేస్తాడు. మెట్ల దగ్గరికి వచ్చాక "ఎట్టుండావు మా? వానలు పడతుండాయా?" అని గొంతు విప్పుతాడు. యాస దాచుకోమని అతనికెవరూ చెప్పలేదు, తనకే అర్థమైపోయింది. ఆ మాటే ఆఫీసు నోరు తెరిచి హుకుం జారీ చేస్తే ఎలా ఉంటుందో చూపించే ఫ్రెంచి సినిమా ఒకటుంది.

దాని పేరు 'స్తుపెర్ ఎ త్రాంబ్లమాఁ'. ఇంగ్లిషులో 'ఫియర్ అండ్ ట్రెంబ్లింగ్'. బెల్జియం రచయిత్రి అమేలీ నోతోంబ్ జపాన్‌లో తాను చేసిన ఉద్యోగం ఆధారంగా 1999లో రాసిన నవలను, అలాన్ కోర్నో 2003లో తెరకెక్కించాడు. సినిమా ఫ్రెంచిదే అయినా పాత్రలు మాట్లాడేది ఎక్కువగా జపనీసు. కథానాయిక మనసులోని మాట మాత్రం ఫ్రెంచిలో వినిపిస్తుంది. ఆ పాత్ర కోసం జపనీసు నేర్చుకున్న సిల్వీ తెస్తూకు 2004లో ఉత్తమ నటిగా సెజార్ అవార్డు వచ్చింది.

కథ 1990 నాటిది. పసితనం జపాన్‌లో గడిపిన అమేలీకి ఆ దేశమంటే ప్రాణం. టోక్యోలోని ఓ పెద్ద కంపెనీలో దుబాసీగా చేరుతుంది. ఒకరోజు బయటి కంపెనీవాళ్లు వస్తే వాళ్లకు కాఫీ ఇమ్మంటారు. కప్పు కప్పుకీ చక్కటి జపనీసులో మర్యాదగా మాట్లాడుతూ అందిస్తుంది. వచ్చినవాళ్ల ముఖాలు మాడిపోతాయి. మన మాటలన్నీ తెలిసిపోయే తెల్లమ్మాయి ముందు వ్యాపారం ఎలా మాట్లాడుకుంటామని వాళ్ల గొడవ. పైఅధికారి ఆమెను పిలిచి, ఇకనుంచి నీకు జపనీసు రాదని ఆజ్ఞాపిస్తాడు. ఉద్యోగం ఇచ్చిందే ఆ భాష వచ్చినందుకు కదా! అక్కణ్ణుంచి మెట్టు మెట్టుగా దిగజారి, చివరికి మరుగుదొడ్లు చూసుకునే పనికి చేరుతుంది.

ఈ వ్యంగ్యం ఎలా పనిచేస్తుందో గిరీశాన్ని అమేలీ పక్కన నిలబెట్టి చూస్తే తేలిగ్గా తెలుస్తుంది. 1892లో తొలిసారి ఆడిన 'కన్యాశుల్కం'లో గిరీశం తనకున్న కాస్త ఇంగ్లిషునే కొండంత చేసి చూపిస్తాడు. అమేలీ కొండంత ఉన్నదాన్ని దాచాలి. అతని నటన పొట్టకూటికి, ఆమె నటన పైవాళ్ల పరువుకి. రెండుచోట్లా నవ్వు పుట్టేది భాషలోంచి కాదు, ఆ భాష ఎవరి నోట రావచ్చో తేల్చే పెత్తనంలోంచి.

ఆ పెత్తనం మన తెర మీదా నడిచింది. 1985లో 'ప్రతిఘటన'లో కోట శ్రీనివాసరావు వేసిన కాశయ్య పాత్ర తెలంగాణ యాసలో మాట్లాడి జనాన్ని కట్టిపడేసింది. అయితే అప్పట్లో ఆ యాస ఎక్కువగా విలన్‌కో హాస్యగాడికో దక్కేది. 2017లో 'ఫిదా' కథానాయిక భానుమతి అదే యాసలో మాట్లాడితే ప్రేక్షకులు మురిసిపోయారు. పదాలు మారలేదు, వాటికి వేసిన పీట మారింది.

ఫ్రెంచి సినిమాలో ఓ చిక్కుంది. కథ చెప్పేది అమేలీ గొంతు ఒక్కటే. దాన్నిబట్టి జపాన్ ఆఫీసులన్నీ ఇంతేననుకుంటే మోసపోతాం. తన గొప్పల్నీ, లెక్కల్లో తన తెలివితక్కువతనాన్నీ కూడా ఆమె వదలకుండా ఎగతాళి చేసుకుంటుంది కాబట్టే కథ పరనిందగా మిగిలిపోలేదు.

చివర్లో అమేలీ యూరప్‌కు తిరిగెళ్లి రచయిత్రి అవుతుంది. కొంతకాలానికి, తనను మరుగుదొడ్ల పాలు చేసిన మరో పైఅధికారిణి ఫుబుకి మోరీ నుంచే అభినందనల ఉత్తరం వస్తుంది. అందులో ఉన్నవి నాలుగు ముక్కలే. అయినా అమేలీ పొంగిపోతుంది. ఆ ఉత్తరం జపనీసులో ఉంది మరి.