ఆకలిగొన్న ఎముకలు

ఎముక రాతివలె మార్పులేని వస్తువని పలువురు తలంతురు. కాని అది సజీవమైనది. దానిలో ఒకజాతి కణములు పాత ఎముకను కరగించుచుండగా, మరియొకజాతి కణములు క్రొత్త ఎముకను నిర్మించుచుండును. కౌమారములో నిర్మాణమే అధికము. 20 ఏండ్లు వచ్చునాటికి ఎముక సంపదలో సుమారు 90 శాతము సమకూరును. పిమ్మట జీవితమంతయు ఆ నిలువపైననే ఆధారపడవలెను.

సరిగా ఆ వయసుననే ఈ నిలువకు గండి కొట్టు వ్యాధి యొకటి కలదు. 1873లో లండను వైద్యుడు విలియం గల్ దానిని 'అనొరెక్సియా నెర్వోసా' అని పేర్కొనెను. అనొరెక్సియా అనగా ఆకలి లేకుండుట. వాస్తవమునకు రోగికి ఆకలి కలుగును; లావగుదునను భయము దానిని అణచివేయును. ఇది మొండితనము కాదు, మానసిక వ్యాధి. బాలికలలో ఎక్కువగా కనిపించును, బాలురకును రావచ్చును.

1984లో అమెరికాలోని బోస్టను వైద్యులు ఈ వ్యాధిగల యువతుల ఎముకలను పరీక్షించి, వాటి సాంద్రత ఆరోగ్యవంతుల ఎముకలకంటె తక్కువగా నున్నదని కనుగొనిరి. వెన్నుపూసలు నలిగిపోయినవారును వారిలో నుండిరి.

దీనికి కాల్షియం కొరత ఒక్కటే కారణమా? కాదు. రాబడి తగ్గిన గృహస్థు ఇల్లు కట్టుట నిలిపివేసినట్లు, తిండి చాలని దేహము ప్రాణము నిలుపుకొనుటకై ఇతర వ్యయములను తగ్గించుకొనును. మెదడునుండి ప్రేరణ తగ్గుటచే అండాశయములలో ఈస్ట్రోజెన్ ఉత్పత్తి క్షీణించి, ఋతుస్రావము ఆగిపోవును. ఎముక కరగిపోకుండ కాపాడునది ఈ ఈస్ట్రోజెనే. ఎముక నిర్మాణమును ప్రోత్సహించు ఐ.జి.ఎఫ్-1 అను హార్మోను కూడ తగ్గును. దీనికితోడు కార్టిసాల్ హెచ్చి నిర్మాణమును మరింత కుంటుపరచును. ఒక వింత యేమనగా, చర్మము క్రింది కొవ్వు హరించుకొని పోవుచున్నను, ఎముకల మజ్జలో కొవ్వు పెరుగును! ఎముకను కట్టు కణములకును, కొవ్వు కణములకును మూలకణము ఒక్కటే.

కావున కాల్షియం, విటమిన్ డి అవసరమే యైనను, అవి మాత్రమే చాలవు. గర్భనిరోధక మాత్రలచే ఋతుస్రావము మరల కనిపించినను ఎముక బలపడదు. అంతా చక్కబడెనను భ్రమ మాత్రము మిగులును. మానసిక చికిత్సతోపాటు తగిన ఆహారము, బరువు కోలుకొనుట, ఋతుచక్రము సహజముగా తిరిగివచ్చుట - ఇవియే అసలు మందు. అప్పుడైనను జరిగిన నష్టము పూర్తిగా తీరకపోవచ్చును.

ఎముక పలుచబడుచున్నప్పుడు నొప్పి యుండదు. అది విరిగిన పిమ్మటనో, డెక్సా యంత్రముతో సాంద్రత కొలిచినప్పుడో మాత్రమే సంగతి బయటపడును. అందుచే ఒక విద్యార్థిని తరచు భోజనము మాని, నానాటికి చిక్కిపోవుచుండుట కనిపించినచో, ఉపాధ్యాయులు ఆమెను మందలింపక, తలిదండ్రులతో మాటలాడి వైద్యునికడకు పంపించుట మేలు. ఎముకలు గట్టిపడు వయసు మరల రాదు.