సాల్ చెక్క చెక్కుచెదరదు, అతుకే ఊడుతుంది

ఖరగ్‌పూర్‌లోని గోల్‌బజార్‌లో తెలుగు మాట వినిపించడం వింతేమీ కాదు. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే కాలంలో ఉత్తరాంధ్ర నుంచి పనికి వెళ్లిన కుటుంబాలు ఎన్నో అక్కడే స్థిరపడ్డాయి. ఊరి చుట్టూ ఎర్రమట్టి నేలల్లో సాల్ అడవులున్నాయి. పాత రోజుల్లో పట్టాల కింద పరిచిన చెక్క స్లీపర్లకు వాడిన ముఖ్యమైన కలపల్లో సాల్ ఒకటి. ఎండకూ వానకూ ఓర్చుకునే కలప కాబట్టి ఆరుబయట వేసే బల్లలకు, గేట్లకు, ద్వారబంధాలకు ఈ ప్రాంతంలో సాల్ వైపే మొగ్గు చూపుతారు. వేసవిలో జిగురు పెట్టి బిగించిన సాల్ బల్ల వానాకాలం గడిచేసరికి అతుకుల దగ్గర నోరు తెరుస్తుంది. చెక్కకు చెదలు పట్టలేదు, కుళ్లలేదు. మరి అతుకు ఎందుకు ఊడింది?

జిగురు నాసిరకమని సరిపెట్టుకోవడం తేలిక. అసలు కారణం చాలావరకు చెక్కలోనే ఉంది.

చెక్క చుట్టూ ఉన్న గాలితో తేమను ఇచ్చిపుచ్చుకుంటూనే ఉంటుంది. ఉష్ణోగ్రత 30 డిగ్రీల దగ్గర, గాలిలో తేమ 50 శాతం ఉంటే చెక్కలో తేమ దాని పొడి బరువులో 9 శాతం దగ్గర నిలుస్తుంది. గాలిలో తేమ 85 శాతానికి పెరిగితే అది 17 శాతం దాటుతుంది. ఆ నీటి అణువులు కణాల గోడల్లో చేరి వాటిని ఉబ్బిస్తాయి. పోగు పొడవునా ఈ ఉబ్బు దాదాపు శూన్యం; పోగుకు అడ్డంగానే పలక పెరుగుతుంది. తేమ ఒక్క శాతం పెరిగితే వెడల్పు సుమారు పావు శాతం పెరుగుతుందని లెక్కకు అనుకుందాం. 150 మిల్లీమీటర్ల పలక ఎండు రోజుల నుంచి వాన రోజులకు వచ్చేసరికి 3 మిల్లీమీటర్లు పెరుగుతుంది. తేమ లోపలి దాకా చేరడానికి వారాలు పట్టవచ్చు, కానీ వానాకాలం నెలల తరబడి ఉంటుంది.

ఇప్పుడు ఆ పలకను మరో చెక్క మీద అడ్డంగా పెట్టి మొత్తం వెడల్పునా అతికించామనుకోండి. ఒకటి 3 మిల్లీమీటర్లు జరగాలంటుంది, రెండోది కదలనంటుంది. మధ్యలో నలిగేది వెంట్రుకవాసి మందం కూడా లేని జిగురు పొర. చెక్క ఎంత సాంద్రంగా ఉంటే ఆ తోపుడు అంత బలంగా ఉంటుంది. బండరాతిలో వరుసగా గుంటలు తొలిచి, ఎండు చెక్క మేకులు దిగగొట్టి, నీళ్లు పోసి రాయిని చీల్చేవారని పాతకాలపు పద్ధతిగా చెబుతారు. పనిచేసేది ఆ బలమే. సాల్ ఘనమీటరుకు సుమారు 800 నుంచి 900 కిలోలు తూగుతుంది, టేకు 650 దగ్గర. పలుచని టేకు పలక మీద నిలిచిన అతుకు సాల్ మీద నిలవకపోవడానికి ఇదొక కారణం.

రెండో కారణం జిగురు లోపలికి దిగకపోవడం. జిగురు పైపైన అంటుకుంటే చాలదు, కోసినప్పుడు తెరుచుకున్న కణాల్లోకి కొంతైనా ఇంకి గట్టిపడాలి. సాల్‌లో ఆ దారులు మూసుకుపోయి ఉంటాయి. చెట్టు బతికుండగా నీటిని మోసిన నాళాలు చేవగా మారేటప్పుడు, పక్క కణాల నుంచి చొచ్చుకొచ్చిన బుడగల్లాంటి పొరలతో పూడిపోతాయి. సాల్ చేవకు రక్షణ రసాయనాలు పట్టించడం కూడా అందుకే కష్టం. వీటికి తోడు కలపలో బంక కాలువలున్నాయి. పూజలో ధూపం వేసే గుగ్గిలం ఈ చెట్టు కార్చే బంకే. తెలుగులో దీన్ని గుగ్గిలం చెట్టు అనడం అందువల్లే. అదే బంకను పడవల పలకల సందులు పూడ్చడానికీ వాడేవారు. నీటిని ఆపే గుణం పడవకు మేలు, జిగురుకు అడ్డు.

దీన్ని కళ్లతో చూడటానికి ఒక్క నీటిచుక్క చాలు. చాలాకాలం కిందట కోసిన పలక మీద చుక్క వేస్తే అది తామరాకు మీద నీళ్లలా గుండ్రంగా నిలబడవచ్చు. అదే పలకకు పదునైన చిత్రిక పట్టి మళ్లీ వేస్తే పరుచుకుంటుంది. నీరు పరుచుకోని చోట నీటి ఆధారిత జిగురూ పరుచుకోదు. కోసిన ఉపరితలం పాతబడేకొద్దీ లోపలి జిడ్డు పదార్థాలు పైకి చేరతాయి. కాబట్టి చిత్రిక పట్టిన రోజే అతికించడం మంచిది. మరీ జిడ్డు కలపను అసిటోన్‌తో తుడిచి, అది ఆరగానే జిగురు రాస్తారు. అసిటోన్ ఇట్టే మండుతుంది, దగ్గర్లో నిప్పు ఉండకూడదు. మొద్దుబారిన చిత్రికతో రుద్దితే ఉపరితలం మెరుస్తుంది కానీ కణాలు నలిగి ఉన్న దారులు కూడా మూసుకుపోతాయి. ఆ మెరుపును చూసి మోసపోకూడదు.

ఇక జిగురు రకం. దుకాణాల్లో దొరికే మామూలు తెల్ల జిగురు పాలీవినైల్ అసిటేట్. దాని పొడవాటి అణువుల మధ్య అడ్డు బంధాలు లేవు. నీరు చేరితే మెత్తబడుతుంది, బరువు మోస్తుంటే మెల్లగా సాగుతుంది. ఆరుబయటికి అది పనికిరాదు. నీటికి తట్టుకునే ప్లైవుడ్‌లో వాడే ఫినాల్ ఫార్మాల్డిహైడ్ జిగురులో అణువులు వలలా అల్లుకుంటాయి. అయితే దానికి వేడి ప్రెస్సు కావాలి, వీధి వడ్రంగి చేతిలో అది ఉండదు. మామూలు ఉష్ణోగ్రతలో గట్టిపడేవి రిసార్సినాల్, ఎపాక్సీ, పాలీయూరిథేన్. రిసార్సినాల్‌కు గట్టి బిగింపు కావాలి. ఎపాక్సీని మాత్రం మరీ బిగిస్తే జిగురంతా బయటికొచ్చి అతుకు ఎండిపోతుంది. పైగా ఎండలోని అతినీలలోహిత కిరణాలు ఎపాక్సీని పాడుచేస్తాయి కాబట్టి పైన రంగో వార్నిషో తప్పదు. పాలీయూరిథేన్ నురగలా ఉబ్బి సందుల్ని నింపుతుంది, కానీ ఆ నురగకు బలం ఉండదు.

జిగురు అతుకు విషయం బల్లలతో ఆగేది కాదు. రెండో ప్రపంచ యుద్ధంలో ఖరగ్‌పూర్ చుట్టూ సలువా, కలైకుండా లాంటి వైమానిక స్థావరాలుండేవి. ఆ యుద్ధంలోనే బ్రిటన్ ప్లైవుడ్, బాల్సా చెక్కలను అతికించి మస్కీటో అనే విమానం తయారుచేసింది. 1944 చివర్లో భారత్, బర్మా రంగంలో కొన్ని మస్కీటోల రెక్కలు విఫలమవడంతో వాటిని కొంతకాలం ఎగరకుండా ఆపారు. అనుమానం మొదట ఇక్కడి వేడి, తేమల మీదికి వెళ్లింది. దర్యాప్తులో ఫ్యాక్టరీలో అతుకులు సరిగా కుదరని లోపాలూ బయటపడ్డాయి.

పాత వడ్రంగులు ఆరుబయటి పనిలో జిగురును అసలు లెక్కలోకే తీసుకోలేదు. ద్వారబంధంలో ఒక చెక్క కొనను కుసిగా చెక్కి రెండో చెక్క కన్నంలో దించి, అడ్డంగా చెక్క మేకు కొడతారు. బరువును మోసేది ఆ ఆకారమే. ఎద్దుబండి చక్రానికి ఎర్రగా కాల్చిన ఇనుప పట్టా తొడిగితే అది చల్లారి బిగుసుకుని ముక్కలన్నిటినీ పట్టి ఉంచుతుంది. ఈ రోజు సాల్ బల్ల చేసేవారికీ దారి ఇదే. కాళ్లకూ అడ్డకమ్ములకూ కుసి అతుకులు వేసి, వాటిలో ఎపాక్సీ వాడవచ్చు; అక్కడ వెడల్పు తక్కువ కాబట్టి కదలికా తక్కువ. పైపలకల్ని మాత్రం అతికించకుండా, మధ్య కొద్ది సందు వదిలి, పొడవాటి కన్నాల్లో మరలు బిగించాలి, పలక జరిగితే మరా దానితో జరిగేలా. కన్నం ముందే తొలవకపోతే సాల్ చీలుతుంది. మామూలు ఇనుప మేకులైతే తడిసినప్పుడు కలపలోని టానిన్లతో కలిసి నల్లటి మచ్చలు వేస్తాయి, స్టెయిన్‌లెస్ మరలకు ఆ బెడద లేదు.

రైల్వే ఊళ్లలో పాత స్లీపర్ల మీద చాలామందికి ఆశ ఉంటుంది. కొన్నింటికి క్రియోసోట్ అనే తారు నూనె పట్టించి ఉంటారు. ఆ నూనె మీద ఏ జిగురూ సరిగా నిలవదు, చర్మానికీ హాని. నల్లటి జిడ్డు, తారు వాసన ఉన్న దుంగను కూర్చునే బల్లకు వాడకూడదు, పొయ్యిలోనూ పెట్టకూడదు.