రోగనిరోధశక్తి తగ్గినను ఊపిరితిత్తులు వాచుట ఎందుకు?

మన దేశమున హెచ్.ఐ.వి. యున్నదని 1986లో వైద్యురాలు సునీతి సాలమన్, ఆమె శిష్యురాలు సెల్లప్పన్ నిర్మల కనుగొన్నది మద్రాసులోనే. అంతకు ఐదేండ్లు ముందు, 1981 జూన్‌లో, లాస్ ఏంజిలిస్ యువకులు ఐదుగురికి వచ్చిన అరుదైన న్యుమోనియాయే ఈ వైరసువలన వచ్చు ఎయిడ్స్ వ్యాధి ఉనికిని లోకమునకు తెలిపినది. ఆ న్యుమోనియాకు కారణము న్యూమోసిస్టిస్ అను శిలీంధ్రము.

హెచ్.ఐ.వి. రక్తములోని సి.డి.4 అను తెల్లకణములను నశింపజేయును. వాని సంఖ్య ఘన మిల్లీమీటరునకు 200 కంటె తగ్గినప్పుడు, ఆరోగ్యవంతుని సాధారణముగా బాధింపని ఈ శిలీంధ్రము ఊపిరితిత్తుల వాయుగోళముల నంటుకొని వృద్ధిపొందును. రక్షణశక్తియే సన్నగిల్లినప్పుడు వాపెట్లు వచ్చునని మీరడుగవచ్చును, అడుగవలసిన ప్రశ్నయే. సేనాపతి లేని సైన్యము ఊరకుండదు, గురి తప్పి తన కోటనే కూల్చును. సి.డి.4 కణముల యదుపు తప్పిన తక్కిన తెల్లకణములు విడుచు రసాయనములచే సూక్ష్మరక్తనాళములు స్రవించి, వాయుగోళములు ద్రవముతో నిండి, ప్రాణవాయువు రక్తమును చేరుట దుష్కరమగును. అందుచేతనే, రోగి కూర్చున్నప్పుడు వేలికి తగిలించిన ఆక్సీమీటరుపై సరిగానే కనబడిన అంకె, అతడు నాలుగడుగులు నడువగానే దిగజారవచ్చును.

చిత్రమేమనగా, మందుచే శిలీంధ్రము చచ్చునపుడు దాని శకలములవలన వాపు తొలుత హెచ్చవచ్చును. కావున వ్యాధి తీవ్రమైనచో శిలీంధ్రమును చంపు కోట్రైమాక్సజోల్‌తోబాటు వాపును తగ్గించు స్టెరాయిడును గూడ వైద్యులిత్తురు. నిరోధశక్తి లేనివానికి దానిని మఱింత అణచు మందా యని సంశయము సహజమే, కాని 1990 నాటికే పరిశోధనలు స్టెరాయిడు మేలును నిరూపించినవి. 2004 నుండి ప్రభుత్వ కేంద్రములలో ఉచితముగా లభించుచున్న హెచ్.ఐ.వి.ని అణచు ఏ.ఆర్.టి. మందులవలన సి.డి.4 కణములు మరల పెరుగును. అయినను తీవ్రమైన న్యుమోనియా వచ్చిపోయిన కొందరిలో శ్వాససామర్థ్యము పూర్వస్థితికి రాదు.