మీకు తెలుసా? పది మీటర్ల లోతులో ఎరుపు పరారీ!

సముద్రంలో 10 మీటర్లు దిగండి చాలు, ఎరుపు దాదాపు మాయం! నీళ్లు ముందుగా మింగేసేది ఆ రంగునే. ఇంకాస్త లోతుకు వెళ్తే నెత్తురు కూడా ఆకుపచ్చగా కనిపిస్తుంది! మరి అక్కడి ఎర్ర చేపకు ఏ రంగు వెయ్యాలి? చిత్రకారుల తిప్పలన్నీ ఇక్కడే మొదలు!

నీటి అడుగున నిలబడి తల పైకెత్తితే ఆకాశమంతా ఒక గుండ్రటి కిటికీలో ఇమిడిపోతుంది! దాని వెడల్పు 97 డిగ్రీలే. ఆ కిటికీ చుట్టూ కనిపించేది మళ్లీ సముద్రమే, తలకిందులుగా!

చిత్రకారుడు జార్ ప్రిచర్డ్ ఏం చేశారో తెలుసా? నీళ్లలో మునిగి, నూనెలో నానబెట్టిన తోలు మీద బొమ్మలు వేశారు! పుట్టింది ఎక్కడో కాదు, మద్రాసులోనే, 1866లో!

చిత్రకారిణి ఎల్సె బోస్టెల్‌మన్ మరీ ఘటికురాలు! 1930లలో బెర్ముడా దీవుల దగ్గర రాగి హెల్మెట్ తగిలించుకుని సముద్రంలోకి దిగేవారు. అక్కడే, జింకు రేకు మీద బొమ్మ! నూనె రంగులు కాబట్టి నీళ్లలో కరిగిపోయే బెంగ లేదు. పేచీ అంతా కుంచెలతోనే! కర్ర పిడి కదా, చెయ్యి జారితే పైకి తేలిపోయేవి! అందుకే కట్టేసుకునేవారు.

ఆవిడ కళ్లారా చూడని చేపలనూ గీశారు! శాస్త్రవేత్త విలియం బీబ్ ఉక్కు గోళంలో కూర్చుని దిగేవారు. కంటబడిందల్లా ఫోన్‌లో పైకి చెప్పేవారు. పైనున్నవాళ్లు రాసుకునేవారు. ఆ మాటలే బోస్టెల్‌మన్ బొమ్మలకు ఆధారం! ఆయన ఎంత లోతుకు వెళ్లారంటారా? 3,028 అడుగులు!

ఆవిడ బొమ్మల్లో ఒక చేప ఉంది చూడండి, ఒంటి పక్కన వరుసగా వెలుగు చుక్కలు! 1932లో బీబ్‌కు కనిపించింది. ఆ తర్వాత ఇప్పటిదాకా మరెవరికీ కనిపించలేదు! బొమ్మ మాత్రం మిగిలింది. నమ్మాలా, వద్దా? బొమ్మ చూశాక నేను సగం నమ్మేశాను!

మన విశాఖపట్నం చేపలు లండన్‌లో అచ్చయ్యాయి, 1803లోనే! ప్రకృతి శాస్త్రవేత్త పాట్రిక్ రస్సెల్ వేయించిన బొమ్మల పుస్తకం అది. పేర్లు కూడా ఇక్కడివాళ్లు పిలిచేవే! కానీ ఆ బొమ్మల్లో నీటి చుక్క ఉండదు. తెల్ల కాగితం మీద ఒంటరి చేప, అంతే!

కంప్యూటర్ వచ్చాక తిప్పలు తీరాయా? తీరి, కొత్తవి వచ్చాయి! 2003 నాటి యానిమేషన్ సినిమా 'ఫైండింగ్ నీమో' కోసం నీళ్లను ఎంత బాగా తయారుచేశారంటే, ఏది అసలో ఏది బొమ్మో పోల్చుకోలేకపోయారు! మరీ నిజంలా ఉందని మళ్లీ తగ్గించుకున్నారు! కోరి తెచ్చుకున్న కష్టమంటే ఇదీ!

ఇక లోతు సముద్రంలో కొన్ని నల్ల చేపలున్నాయి. మీద పడ్డ వెలుగులో 99.5 శాతానికి పైగా మింగేస్తాయి! ఫోటో తీయబోతే చేప ఆకారంలో నల్ల మచ్చ తప్ప ఏమీ రాలేదు! వీటిని గీయడం మాత్రం సులువే. కాస్త నల్ల సిరా ఒలకబోస్తే సరి!