తాళం ఇచ్చిన రోజు కాదు, పేరు మారిన రోజు బండి అమ్మినట్టు

ఈ ఎపిసోడ్‌లో ఆన్‌లైన్ ప్రకటనలు చూసి సెకండ్ హ్యాండ్ బండి కొనడం, అమ్మడం గురించి మాట్లాడుకుందాం. మన శ్రీకాకుళం, విజయనగరం వైపు వాళ్లు నన్ను ఎక్కువగా అడిగే విషయం ఇదే. కొనేవాళ్లది ఒక గోల, అమ్మేవాళ్లది ఇంకో గోల. రెండూ చెప్తాను. ఈ గోలంతా అయ్యాక, బేరం కుదిరిపోయి అందరూ హమ్మయ్య అనుకున్నాక, అసలు ప్రమాదం మొదలవుతుంది. దాని గురించి కాస్త ఎక్కువసేపు చెప్తాను.

ముందు అమ్మేవాళ్ల సంగతి. నేను ఆ మధ్య ఇంట్లో వాడకుండా పడి ఉన్న స్కూటర్‌ని ఒక సైట్‌లో పెట్టాను. ఫోటోలు, మోడల్, ఎన్ని కిలోమీటర్లు తిరిగింది, ఇన్సూరెన్స్ ఎప్పటిదాకా ఉంది, అన్నీ రాశాను. పది నిమిషాల్లో మొదటి మెసేజ్ వచ్చింది. ‘లాస్ట్ ఎంత?’ బండి చూడలేదు, స్టార్ట్ చెయ్యలేదు, ఊరు ఏదో కూడా అడగలేదు. ఇంకొకాయన ఫోన్ చేసి, ‘ఏటి బావూ, సగానికి ఇచ్చీ, ఇప్పుడే వచ్చీస్తాను’ అన్నాడు. సరే రండి అంటే రాలేదు. ఆదివారం పొద్దున్న వస్తామని ముగ్గురు చెప్పారు. ముగ్గురి కోసం ఇంట్లో కూర్చున్నాను. ఒక్కరూ రాలేదు, ఫోన్ ఎత్తలేదు.

దీనికి కోపం తెచ్చుకుని లాభం లేదండి. ఎందుకు జరుగుతుందో తెలిస్తే సగం చిరాకు పోతుంది. పాత రోజుల్లో బండి చూడాలంటే బస్సెక్కి రావాలి, మధ్యలో తెలిసిన మనిషి ఉండాలి. అడగడానికే కొంత ఖర్చు ఉండేది కాబట్టి కొనాలనుకున్నవాడే అడిగేవాడు. ఇప్పుడు ఒక్క వేలితో ముప్పై మందిని అడగొచ్చు. అందులో సగం మంది మారుబేరం వాళ్లు. వాళ్లకి మీ బండి అక్కర్లేదు, మీ అవసరం ఎంతుందో తెలియాలి. అందుకే ముందే ధర తగ్గించి చెప్పొద్దు. ‘బండి చూశాక బేరం మాట్లాడదాం’ అనే ఒక్క మాట పెట్టుకోండి. నిజంగా కొనేవాడు ఆ మాటకి వస్తాడు.

ఇప్పుడు కొనేవాళ్ల సంగతి. మీరు టెక్కలిలోనో బొబ్బిలిలోనో ఉండి వెతుకుతారు. యాప్ మీకు విశాఖపట్నం బండ్లు చూపిస్తుంది. వంద కిలోమీటర్లు వెళ్లాక, ‘అది నిన్న అయిపోయిందండి, ఇంకోటి ఉంది చూడండి’ అంటారు. అయిపోయిన బండి ప్రకటన తియ్యకుండా ఎరగా ఉంచుతారన్నమాట. అందుకని బయల్దేరేముందు వీడియో కాల్‌లో బండి నంబరు ప్లేటు, ఆ రోజు మీటర్ రీడింగ్ చూపించమనండి. చూపించనివాడి దగ్గరకి వెళ్లొద్దు.

ధర విషయంలో ఒక మాట. 2025 సెప్టెంబర్ 22 నుంచి 350 సీసీ వరకు ఉన్న బైకులకీ, చిన్న కార్లకీ జీఎస్టీ 28 శాతం నుంచి 18 శాతానికి తగ్గింది. అంతకుముందు కొన్నవాళ్లు తాము కట్టిన ధర నుంచి లెక్క మొదలుపెడతారు. వాళ్ల బాధ న్యాయమే, కానీ మీరు పోల్చుకోవాల్సింది ఇవాళ షోరూంలో ఉన్న ధరతో.

ఇక మోసాల సంగతి. మార్కెట్ ధరలో సగానికే బండి, ఫోటోలో యూనిఫాం వేసుకున్న మనిషి. ‘నేను ఆర్మీలో ఉన్నాను, ట్రాన్స్‌ఫర్ అయింది, బండి ఎయిర్‌పోర్టు పార్కింగ్‌లో ఉంది, పార్సిల్‌లో పంపిస్తాను, ముందు రవాణా ఖర్చు పంపండి’ అంటాడు. ఐడీ కార్డు ఫోటో కూడా పంపుతాడు. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల నుంచి సైన్యంలో చేరినవాళ్లు చాలామంది ఉన్నారు. ఆ యూనిఫాం అంటే మనకి గౌరవం, నమ్మకం. ఆ నమ్మకాన్నే వాళ్లు వాడుకుంటారు. రాజస్థాన్‌లోని భరత్‌పూర్ వైపు నుంచి ఇలాంటి మోసాలు చేసే ముఠాలను హైదరాబాద్ పోలీసులు అక్కడిదాకా వెళ్లి పట్టుకొచ్చారు. బండి కంటికి కనపడకుండా ఒక్క రూపాయి పంపొద్దు.

అమ్మేవాళ్లకి ఇదే మోసం తిరగేసి చేస్తారు. ‘అడ్వాన్స్ పంపిస్తున్నాను, ఈ క్యూఆర్ కోడ్ స్కాన్ చేసి పిన్ కొట్టండి’ అంటారు. యూపీఐలో డబ్బు తీసుకోవడానికి పిన్ అక్కర్లేదు, స్కాన్ అక్కర్లేదు. పిన్ కొట్టారంటే మీ డబ్బు బయటికి పోతున్నట్టే. పొరపాటున పోయిందనుకోండి, సిగ్గుపడి కూర్చోకుండా వెంటనే 1930కి ఫోన్ చెయ్యండి. డబ్బు ఆ ఖాతా నుంచి ఇంకో ఖాతాకి పోయేలోపు ఆపగలిగితేనే తిరిగొచ్చే అవకాశం ఉంటుంది.

సరే, ఇవన్నీ దాటారు. మంచి మనిషి దొరికాడు, బండి నచ్చింది, బేరం కుదిరింది. డబ్బులు తీసుకుని తాళం ఇచ్చేశారు. అయిపోయిందనుకుంటాం. ఇక్కడే జాగ్రత్తగా వినండి.

పాత పద్ధతిలో మన ఊరి మెకానిక్కో, చుట్టమో మధ్యలో ఉండేవాడు. బండి ఎవరి దగ్గర ఉందో అతనికి తెలుసు. పేరు మార్పు ఆలస్యమైతే వెళ్లి, ‘ఏటి, ఇంకా మార్పించలేదా?’ అని గట్టిగా అడగగలిగేవాడు. ఆన్‌లైన్ ప్రకటన ఆ మధ్యమనిషిని తీసేసింది. కొన్నవాడు మీకు ఒక ఫోన్ నంబరు, అంతే. రేపు సిమ్ మారిస్తే అతను ఎక్కడో, బండి ఎక్కడో మీకు తెలీదు. ఆర్‌సి మీద మాత్రం మీ పేరే ఉంటుంది.

ఉంటే ఏమవుతుంది? సుప్రీంకోర్టు దాకా వెళ్లిన ఒక కేసు చెప్తాను. నవీన్ కుమార్ వర్సెస్ విజయ్ కుమార్, 2018 ఫిబ్రవరిలో తీర్పు వచ్చింది. ఒక కారు చేతులు మారుతూ పోయింది. 2009లో ఆ కారు తగిలి ఒకరు చనిపోయారు, ఇంకొకరు గాయపడ్డారు. ఆర్‌సిలో పేరున్న యజమాని, ‘నేను 2007లోనే అమ్మేశాను, నాకేం సంబంధం?’ అన్నాడు. హైకోర్టు చివరగా కారు ఎవరి చేతిలో ఉందో అతని మీద భారం పెట్టింది. సుప్రీంకోర్టు దాన్ని మార్చింది. ఆర్‌సిలో ఎవరి పేరుంటే చట్టం దృష్టిలో వాళ్లే యజమాని, నష్టపరిహారం బాధ్యత వాళ్లదే అంది. బాధితులు ఆ బండి ఎన్ని చేతులు మారిందో వెతుక్కుంటూ తిరగలేరు కదా, అదీ కోర్టు చెప్పిన కారణం. ఆలోచిస్తే న్యాయమే. కానీ ఎప్పుడో అమ్మేసిన మనిషికి అది ఎంత దెబ్బో చూడండి.

ఇన్సూరెన్స్ అమల్లో ఉంటే థర్డ్ పార్టీ పరిహారం మామూలుగా కంపెనీ కడుతుంది. కానీ మీరు అమ్మేసిన బండికి కొన్నాయన ఇన్సూరెన్స్ కడుతున్నాడో లేదో మీకెలా తెలుస్తుంది? ఆ బండి మీద సారా రవాణా చేసినా, గంజాయి రవాణా చేసినా పోలీసులు ముందు వచ్చేది ఆర్‌సి మీద ఉన్న అడ్రసుకే. చలాన్లు వచ్చేది మీ పేరు మీదే.

చట్టం ఏం చెప్తుందంటే, మోటారు వాహనాల చట్టం 1988లో సెక్షన్ 50 ఉంది. అదే రాష్ట్రంలో అమ్మితే అమ్మినవాడు 14 రోజుల్లోగా ఆర్టీవో ఆఫీసుకి తెలియజెయ్యాలి. కొన్నవాడు 30 రోజుల్లోగా తన పేరు మీదకి మార్పించుకోవాలి. దీనికి ఫారం 29, ఫారం 30. అంటే పేరు మార్పు ‘కొన్నవాడి పని’ మాత్రమే కాదు, అమ్మినవాడికీ బాధ్యత ఉంది. మనవాళ్లు చాలామంది ఖాళీ ఫారాల మీద సంతకం పెట్టి ఇచ్చేసి, పని అయిపోయిందనుకుంటారు. మారుబేరం వాళ్లకి కావలసింది అదే. తమ పేరు మీదకి మార్చుకుంటే ఫీజు ఖర్చు, పైగా ఆర్‌సిలో ఒక ఓనర్ పెరిగి ధర తగ్గుతుంది. అందుకే మీ సంతకాలు జేబులో పెట్టుకుని తర్వాతివాడికి అమ్ముతారు.

ఈ సమస్యకే కేంద్రం 2022 డిసెంబర్‌లో నిబంధనలు మార్చింది. 2023 ఏప్రిల్ 1 నుంచి అవి అమల్లోకి వచ్చాయి. సెకండ్ హ్యాండ్ బండ్ల డీలర్ ఆర్టీవో దగ్గర అనుమతి పత్రం తీసుకోవాలి. బండి తన చేతికి వచ్చినట్టు ఆన్‌లైన్‌లో నమోదు చేస్తే, అమ్ముడుపోయేదాకా ఆ బండి బాధ్యత డీలర్‌దే. కాబట్టి డీలర్‌కి అమ్మేటప్పుడు ‘మీ ఆథరైజేషన్ పత్రం చూపించండి, డెలివరీ నమోదు చెయ్యండి’ అని అడగండి. అది లేనివాడు డీలర్ కాదు, మధ్యవర్తి.

పేరు మార్పు పట్టించుకోకపోతే కొన్నవాళ్లకీ నష్టమే. థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ బండితోపాటు వస్తుంది కానీ, సొంత బండి డ్యామేజీకి క్లెయిమ్ రావాలంటే పాలసీ మీ పేరుకి మారాలి. 14 రోజుల్లోగా కంపెనీకి దరఖాస్తు చెయ్యండి. అమ్మినాయన నో క్లెయిమ్ బోనస్ మాత్రం మీకు రాదు, అది మనిషిది, బండిది కాదు.

ఇప్పుడు మన ప్రాంతానికే ప్రత్యేకమైన చిక్కు ఒకటి ఉంది. మనది సరిహద్దు. పాతపట్నం దాటితే పర్లాకిమిడి, పార్వతీపురం దాటితే రాయగడ, సాలూరు దాటితే కోరాపుట్. ఓడీ 20, ఓడీ 18, ఓడీ 10 నంబర్ల బండ్లు మనకి రోజూ కనిపిస్తాయి, ధర కూడా తక్కువగా అనిపిస్తుంది. అలాగే హైదరాబాద్‌లో పనిచేసే మన పిల్లలు అక్కడ చవగ్గా వచ్చిందని తెలంగాణ బండి కొని ఊరికి పంపుతారు. 2014 జూన్ 2 నుంచి అది వేరే రాష్ట్రం. ఈ బండ్లకి అక్కడి ఆర్టీవో నుంచి ఫారం 28 మీద ఎన్‌ఓసీ రావాలి. 12 నెలలకి మించి ఇక్కడ ఉంచితే కొత్త నంబరు తీసుకోవాలి. ఇక్కడ లైఫ్ ట్యాక్స్ కట్టాలి. ఆ ట్యాక్స్ కలుపుకుని చూస్తే చవక బండి చాలాసార్లు చవక కాదు. ఎన్‌ఓసీ చేతికి రాకుండా పూర్తి డబ్బు ఇవ్వొద్దు.

నంబరు ప్లేటు చూసి ‘ఇది మన జిల్లా బండే’ అనుకునే రోజులు కూడా పోయాయి. పాతవాటికి ఏపీ 30 అంటే శ్రీకాకుళం, ఏపీ 35 అంటే విజయనగరం. 2019లో రాష్ట్రమంతటికీ ఏపీ 39 వచ్చాక, ప్లేటులో జిల్లా తెలీదు. బెజవాడ బండి అయినా అదే సిరీస్. 2024 సెప్టెంబర్‌లో బుడమేరు వరదలో బెజవాడలో ఎన్ని బండ్లు మునిగాయో మనం టీవీలో చూశాం. మన దగ్గర 2014 హుద్‌హుద్, 2018 తిత్లీ తుపాన్లు సరేసరి. అందుకని కారు చూసేటప్పుడు సీటు బెల్టు మొత్తం బయటికి లాగి చివర్లో బురద మరక ఉందేమో చూడండి. స్టెప్నీ తీసి కింద చెయ్యి పెట్టండి. కార్పెట్ ఎత్తి వాసన చూడండి. సముద్రం పక్క ఊళ్లలో తిరిగిన బండికి అడుగుభాగం, సైలెన్సర్, బోల్టులు తుప్పు చూడండి.

టైరు మీద నాలుగు అంకెలు ఉంటాయి. 2319 అంటే 2019లో 23వ వారం తయారైందని. 2019 బండి, మీటర్ 15,000 కిలోమీటర్లు చూపిస్తోంది, టైర్లు మాత్రం 2024వి అనుకోండి. అంత తక్కువ తిరిగిన బండికి టైర్లు ఎందుకు మార్చారో అడగండి.

చివరగా, బేరం రోజు నేను పాటించే వరస చెప్తాను. ముందు ఎంపరివాహన్ యాప్‌లో బండి నంబరు కొట్టి ఫైనాన్స్ ఉందా, ఇన్సూరెన్స్ ఉందా, రిజిస్ట్రేషన్ గడువు ఎప్పటిదాకా అనేది చూస్తాను. సొంత బండికి 15 ఏళ్లు దాటితే రెన్యువల్ కావాలి, ఆ ఖర్చు బేరంలోకి రావాలి. ఛాసిస్ నంబరు బండి మీద, ఆర్‌సి మీద ఒకటేనా అని చూస్తాను. ఫైనాన్స్ ఉంటే బ్యాంకు ఎన్‌ఓసీ, ఫారం 35 ఉండాలి. ఆర్‌సిలో పేరున్నాయన చనిపోయి ఉంటే వారసులు ఫారం 31 ద్వారా ముందు తమ పేరుకి మార్చుకున్నాకే కొంటాను.

డబ్బు బ్యాంకు ద్వారానే, ఆర్‌సిలో పేరున్నవాళ్ల ఖాతాకే. బండి ఇచ్చిన తేదీ, టైమ్ రాసి ఇద్దరూ సంతకం చేసిన కాగితం, ఆధార్ కాపీలు. అది పేరు మార్పుకి బదులు కాదు, తర్వాత కొన్నవాడి మీద మీరు కోర్టుకి వెళ్లాల్సి వస్తే పనికొచ్చే సాక్ష్యం. పేరు మార్పు దరఖాస్తు అదే రోజు, ఇద్దరూ పక్కపక్కన కూర్చుని పెట్టాలి. అమ్మేవాళ్లయితే కొంత సొమ్ము తగ్గినా సరే, దరఖాస్తు పెట్టడానికి ఒప్పుకున్నవాడికే ఇవ్వండి. ‘తర్వాత చూసుకుందాంలెండి’ అన్నవాడు రెండు వేలు ఎక్కువిచ్చినా వద్దు.

నెల రోజుల తర్వాత మీరు అమ్మిన బండి నంబరు మళ్లీ యాప్‌లో ఒకసారి కొట్టి చూడండి. అక్కడ కొత్త పేరు కనిపిస్తే, ఆ రోజు బండి అమ్మినట్టు. ఇంకా పాత పేరే ఉంటే వెంటనే కాగితాలు పట్టుకుని ఆర్టీవో ఆఫీసుకి రాతపూర్వకంగా ఇచ్చి, రసీదు తెచ్చుకోండి. ఉంటానండి.